ఇసుక పోసిన చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లో నా భర్తకు పని దొరికింది, మా అత్తకు పని పోయింది. రెండూ ఒకే గొట్టం వల్ల జరిగాయి.

గొట్టం నవంబరు మొదట్లో వచ్చింది. మా సముద్రపు ఊరు రాస్ జుమ్మార్‌లో మా ఇళ్ళకు ఉత్తరంగా పెద్ద హోటలు ఉంది. దాని ముందు ఇసుక కొద్దికొద్దిగా కొట్టుకుపోయి, గొడుగులు పాతే చోట రాళ్ళు తేలాయి. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి, గొట్టంలో ఒడ్డుకు పంపి, వేసవికల్లా కొత్త తీరం పరిచేస్తామని ఒక కంపెనీ వచ్చి దిగింది. దూరంగా ఓడ నిలిచింది. ఓడ నుంచి ఒడ్డు దాకా మనిషి దూరేంత లావు గొట్టం నీళ్ళ మీద తేలుతూ వచ్చింది. దాని మూతి దగ్గర నా భర్త లజ్‌హర్‌ని పెట్టారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సీసాలో ఇసుక పట్టి చూడాలి. శుభ్రంగా ఉందని రిజిస్టరులో సంతకం పెట్టాలి.

మూడేళ్ళు ఖాళీగా కూర్చున్న మనిషి. పసుపు రంగు కోటు, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని మొదటిరోజు ఇంటికొచ్చినప్పుడు అన్నం ముందు నిటారుగా కూర్చున్నాడు. అది నేనూ గమనించాను, మా అత్తా గమనించింది.

"సముద్రంలో ఇసుక తీసి సముద్రం ఒడ్డున పోస్తే జీతమిస్తారా?" అంది మా అత్త మన్నూబియా, రొట్టె తుంచి హరీసా కారంలో అద్దుతూ. "మీ నాన్నకి ఈ తెలివి లేక చేపలు పట్టాడు."

లజ్‌హర్ నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులయింది.

హోటలు వాళ్ళ మీద మా అత్తకు పాత కోపం ఉంది. చలికాలం తుఫాన్లకు సముద్రపు గడ్డి ఆకులు ఒడ్డుకు కొట్టుకొచ్చి నడుమెత్తు కుప్పలు పడతాయి. ఎండి గోధుమ రంగులోకి తిరిగి కాస్త వాసన వేస్తాయి. అతిథులకు గిట్టదని హోటలు వాళ్ళు ప్రతి వసంతం ట్రాక్టరు పెట్టి అదంతా ఎత్తించేసేవాళ్ళు. ఆ కుప్పలే అలల దెబ్బ కాచుకుని ఇసుకను పట్టి ఉంచుతాయని మా ఊళ్ళో అందరికీ తెలుసు. "దుప్పటి వాళ్ళే లాగేసుకుని, చలేస్తోందని ఏడుస్తున్నారు," అనేది ఆమె.

హోటలుకు దక్షిణాన మా పర్ర ఉంది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గితే బయటపడే చదునైన నేల. అక్టోబరు నుంచి మే దాకా అక్కడ ఆలిచిప్పలు ఏరుకోవడం మా ఆడవాళ్ళ పని. తడి ఇసుకలో పక్కపక్కనే రెండు సూదిమొన కన్నాలు కనిపిస్తే కింద చిప్ప ఉన్నట్టు. కొడవలి కొస దించి మణికట్టు తిప్పితే బయటికొస్తుంది. మా అత్త నలభై ఏళ్ళు అలా వంగి ఏరింది. పెళ్ళయి వచ్చిన ఏడాది నాకూ నేర్పింది. ఆ చలికాలం మేం పదిహేనుమందిమి. అందరికంటే ముందు నడిచేది ఆమే.

మొదటి పదకొండు రోజులూ గొట్టంలోంచి శుభ్రమైన లేతపసుపు ఇసుకే పడింది. పన్నెండో రోజు గాలి తిరిగింది. అలలు పెద్దవై ఓడ లోతుకు వెళ్ళలేకపోయింది. ఆ సాయంత్రం లజ్‌హర్ ప్యాంటు ఉతకడానికి తొట్టిలో వేస్తే నీళ్ళు నల్లబడ్డాయి. రెండోసారి నీళ్ళు పోశాను, మళ్ళీ నల్లగానే వచ్చాయి. మురిగిన వాసన, అందులో డీజిలు వాసన. ఆ వాసన ఎక్కడిదో నాకు తెలుసు. పాత రేవు కాలవ అడుగున ఉండే బురద అది.

లజ్‌హర్‌ని అడిగాను. అతను టీ గ్లాసు కింద పెట్టి, తలుపు వైపు చూశాడు.

"గాలి తగ్గేదాకా రేవు కాలవలోనే తోడుతున్నారు. నాలుగు రోజులు. ఓడ ఊరికే నిలబెడితే వాళ్ళకి నష్టమంట."

"మరి నువ్వు రిజిస్టరులో ఏం రాశావు?"

"అందులో రాయడానికి ఏం లేదు. సంతకమే." గ్లాసు మళ్ళీ అందుకుంటూ అన్నాడు, "అమ్మకి చెప్పకు."

నేను చెప్పలేదు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. ఇంట్లో ఒక మనిషి తిరిగి మనిషి అవుతుంటే చూస్తూ, దాన్ని పాడుచెయ్యడానికి నాకు మనసు రాలేదు. గాలి తగ్గింది, కానీ ఓడ రేవు కాలవను వదల్లేదు. దగ్గర కదా, పని త్వరగా అవుతోంది.

డిసెంబరు మూడో వారంలో పర్ర మీద నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. నీళ్ళు తగ్గాక ఇసుక మీద వేలెడు మందాన మెత్తటి పొర మిగిలింది, పిండి కలిపి పూసినట్టు. ఆ రోజు మాకెవరికీ కొడవలి అవసరం పడలేదు. చిప్పలన్నీ నేల మీదికి వచ్చేసి, నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. చేత్తో ఏరుకోవడమే. అరపూటలో బుట్టలు నిండిపోయాయి. మా పక్కింటి ఖమీసా పాట ఎత్తుకుంది. మా అత్త మాత్రం ఒక చిప్పను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. అది మూసుకోవడానికి ప్రయత్నించి మళ్ళీ తెరుచుకుంది.

"సంబరపడకండి," అంది. "వీటికి కింద ఊపిరాడట్లేదు. అందుకే పైకొచ్చాయి."

ఖమీసా పాట ఆపి నా వైపు తిరిగింది. "మీ ఆయన అక్కడే ఉంటాడుగా. ఏమంటున్నాడే హాదియా?"

మిగతా పద్నాలుగుమందీ నా వైపు చూశారు. నోరు తెరిచాను. "రెండు పోట్లు వస్తే కడుక్కుపోతుందట," అన్నాను. లజ్‌హర్ అలా అనలేదు. నేనే అన్నాను. వాళ్ళు నమ్మారు. మా అత్త మాత్రం చేతిలో చిప్పను బుట్టలో వెయ్యకుండా నీళ్ళలోకి విసిరింది.

రెండు పోట్లు కాదు, ఇరవై పోట్లు వచ్చాయి. బూడిద పొర పోలేదు సరికదా, రోజుకింత మందమయింది. నూతన సంవత్సరం నాటికి మా ఇళ్ళ ముందు పర్ర చచ్చిపోయింది. కన్నాలు లేవు. తవ్వితే ఖాళీ గుల్లలు, వాటిలో నల్లటి కంపు. నీళ్ళలోపల గడ్డి మీద బూడిద రంగు బురద పేరుకుని ఆకులు వంగిపోయాయి. ప్రతి చలికాలం అలల అంచున పరుగులు తీసే చిన్నకాళ్ళ పిట్టలు వేరే చోటికి వెళ్ళిపోయాయి. వాటికి తినడానికి పురుగు ఉంటేగా.

ఉత్తరం వైపు, గొట్టానికి దగ్గరైనా ఆ ఏడు మేమింకా ఏరని నేలలో ఇంకా చిప్పలు మిగిలాయేమోనని ఆడవాళ్ళు అటు వెళ్దామన్నారు. జనవరి రెండో వారం. ముందురోజు మా అత్త నన్ను వంటగదిలో ఆపి అడిగింది.

"అటు నేల గట్టిగానే ఉందా? వాణ్ణి కనుక్కున్నావా?"

నేను కనుక్కోలేదు. కనుక్కుంటే మళ్ళీ ఆ బురద మాట వస్తుంది, ఇద్దరం మళ్ళీ తలుపు వైపు చూస్తాం. "గట్టిగానే ఉందట," అన్నాను.

మర్నాడు పొద్దున నీళ్ళు బాగా వెనక్కి తగ్గాయి. అటువైపు నేల నున్నగా, అలికిన వాకిలిలా ఉంది. ఒక్క అడుగు జాడ లేదు. మా అత్త ఎప్పట్లాగే ముందు నడిచింది. గొట్టం మూతి రెండువందల మీటర్ల దూరంలో బురద కక్కుతూ ఉంది. ఆ మోతకు మా మాటలు మాకే వినపడట్లేదు. ఆమె ఒక చోట ఆగింది. వంగింది అనుకున్నాను. వంగలేదు, దిగిపోయింది. మోకాళ్ళ దాకా. కాలు లాక్కోబోతే రెండో కాలు తొడ దాకా పోయింది. పైన గట్టిపడ్డ పొర పెంకులా విరిగింది. కింద అంతా అడుసు.

నేను పరుగెత్తబోయాను. ఖమీసా నా శాలువా పట్టుకుని వెనక్కి లాగింది. "పడుకో. నిలబడకు, పడుకో," అంది. బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళాను. కొడవలి పిడి అందించాను. ఆమె పట్టుకుంది. లాగితే నేనే ముందుకు జారాను. ఖమీసా గొట్టం వైపు పరుగెత్తింది. మిగతావాళ్ళు వెనకనుంచి నా కాళ్ళు పట్టుకున్నారు.

ఆటు తిరిగి పోటు మొదలైంది. మొదట సన్నగా, తడి గీతలా వచ్చింది. తర్వాత ఆమె నడుము చుట్టూ నీళ్ళు నిలిచాయి. మా అత్త కేకలు వెయ్యలేదు. ముఖం మాత్రం మైనంలా అయింది.

"నువ్వు వెనక్కి పో," అంది. "ఇద్దరం ఎందుకు?"

నేను కదల్లేదు. నా గడ్డం నీళ్ళలో ఉంది.

తర్వాత ఖమీసా చెప్పింది. సంగతి వినగానే లజ్‌హర్ ఫోర్‌మన్ నౌఫల్ దగ్గరికి పరుగెత్తి పంపు ఆపమన్నాడట. ఓడకు ఫోన్ చెయ్యాలి, పైనుంచి అనుమతి రావాలి, మధ్యలో ఆపితే గొట్టం పూడుకుపోతుంది అన్నాడట నౌఫల్. లజ్‌హర్ ఇంక మాట్లాడకుండా గొట్టం కింద పెట్టే రెండు పెద్ద చెక్కలు లాక్కుని వచ్చేశాడు.

చెక్కలు బురద మీద పరిచి, వాటి మీద పడుకుని, తల్లి కాళ్ళ చుట్టూ చేతులతో తవ్వాడు. తవ్విన చోట మళ్ళీ నిండిపోయేది. నీళ్ళు ఆమె ఛాతీ దాకా వచ్చాయి. ఆ నీళ్ళే చివరికి సాయం చేశాయి. అడుసు కాస్త పలచబడింది. అతను ఆమె బూట్లలోంచి కాళ్ళను ఒక్కొక్కటే ఊడదీశాడు. బూట్లు కిందే ఉండిపోయాయి. చెక్క మీదికి లాగినప్పుడు ఆమె తుంటి దగ్గర ఏదో పట్టేసింది, అప్పుడు మాత్రం ఒక్కసారి మూలిగింది. మేం ఒడ్డుకు చేరేదాకా వెనక గొట్టం పోస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకు లజ్‌హర్ తిరిగి పనికి వెళ్ళాడు. సీసా పట్టాడు. సంతకం పెట్టాడు. నేను తర్వాత రిజిస్టరులో చూశాను, ఆ తేదీ ఉంది.

మా అత్త మంచం పట్టింది. ఎముక విరగలేదు, కీలు జరిగిందన్నారు. నౌఫల్ సంచి నిండా నారింజపళ్ళతో చూడవచ్చాడు. అప్పటికే ఆ నేల దగ్గర, లోపలికి రాకూడదని ఎర్ర బోర్డు పాతారు. ప్రమాదం జరిగిన మర్నాడు పాతినదాన్ని, ఎప్పటినుంచో ఉన్నట్టు మాట్లాడాడు. హోటలు తోటలో ఏడాది పొడుగునా ఉండే పని ఒకటి ఖాళీ ఉందని, లజ్‌హర్ లాంటి నెమ్మదైన మనిషి కావాలంటున్నారని చెప్పాడు. చివరికి జేబులోంచి ఒక కాగితం తీశాడు. మా అత్త వేలిముద్ర కావాలి.

"చదివి వినిపించు నాయనా," అంది ఆమె.

అతను చదివాడు. బోర్డు దాటి తన ఇష్టంతో వెళ్ళినట్టు, కంపెనీ బాధ్యత లేనట్టు ఉంది.

"ఇంత రాశావు, అందులో బురద అన్న మాటే లేదే," అంది మా అత్త. "ఆ మాట ఎక్కడైనా పెట్టి తీసుకురా, అప్పుడు వేస్తాను ముద్ర. నారింజలు మాత్రం ఉంచి వెళ్ళు."

కాగితం ముద్ర లేకుండానే వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. లజ్‌హర్ పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. తల్లి మంచం పక్కన కాసేపు నిలబడేవాడు, కూర్చునేవాడు కాదు. అతని ప్యాంట్లు ఇప్పుడు అతనే ఉతుక్కునేవాడు.

ఖమీసా వాళ్ళు వదల్లేదు. జిల్లా కేంద్రానికి రెండుసార్లు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. ఫిబ్రవరి చివర మునిసిపాలిటీ హాల్లో విచారణ పెట్టారు. తీరం వ్యవహారాలు చూసే అధికారి ఒకాయన వచ్చాడు, నెమ్మదైన పెద్దమనిషి. ఒక పక్క కంపెనీ వాళ్ళు, హోటలు మేనేజరు. ఒక పక్క బెంచీల మీద మేం. నౌఫల్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నవంబరు నుంచి ప్రతి రోజూ రెండు సంతకాలు. ఒక్క ఖాళీ లేదు. నీళ్ళ రంగు తుఫాను వల్ల మారిందని, చిప్పలు ఏదో రోగంతో చచ్చాయని, గొట్టంలోంచి పడింది శుభ్రమైన ఇసుకేనని అతను వివరించాడు. మా ఊరి మనిషే సాక్షి అన్నాడు.

లజ్‌హర్‌ని పిలిచారు. అధికారి రిజిస్టరు అతని వైపు తిప్పాడు.

"ఇవి మీ సంతకాలేనా?"

"నావే."

"ఇసుక శుభ్రంగా ఉందా?"

లజ్‌హర్ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. అధికారి మళ్ళీ అడగబోయాడు. నేను లేచి నిలబడ్డాను. లేవాలని ముందుగా అనుకోలేదు.

"ఆయన బట్టలు ఉతికింది నేనండీ," అన్నాను. "పన్నెండో రోజు నుంచి నల్లబురద. రేవు కాలవ బురద. నాకు తెలుసు. తెలిసీ వీళ్ళకి అబద్ధం చెప్పాను. నేల గట్టిగా ఉందని మా అత్తకి చెప్పింది కూడా నేనే."

వెనక బెంచీలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అధికారి లజ్‌హర్ వైపు చూశాడు.

"అవును," అన్నాడు లజ్‌హర్. "పన్నెండో రోజు నుంచి."

అంతే జరిగింది. అధికారి రాసుకున్నాడు. వారంలో మనుషుల్ని పంపి పర్ర మీద తవ్వించి మట్టి పట్టుకెళ్ళాడు. మార్చి మొదట్లో పంపు ఆగిపోయింది.

హాలు నుంచి ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఖమీసా నా పక్కన నడవలేదు. ముందుకు వెళ్ళిపోయింది, మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. లజ్‌హర్, నేను మిగిలాం. ఉప్పు గోదాముల దగ్గర అతను అడుగు నెమ్మది చేశాడు.

"నువ్వు లేవకపోతే నేను చెప్పేవాణ్ణో కాదో," అన్నాడు. "అది నాకు ఇంక ఎప్పటికీ తెలీదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఇంటికొచ్చాక మా అత్త మంచం పక్కన కూర్చున్నాను. ఎవరో చెప్పేలోగా నేనే చెప్పాలి. మొదటినుంచీ చెప్పాను, నాలుగు రోజులే అనుకోవడం, రెండు పోట్ల మాట, వంటగదిలో అన్న మాట, అన్నీ. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"నలభై ఏళ్ళు ఆ నీళ్ళు చూశాను," అంది. "రేవు బురదకీ తుఫాను బురదకీ తేడా తెలీదనుకున్నావా నాకు?"

నేను ఆమె ముఖం వంక చూశాను.

"వాడు మూడేళ్ళకి అన్నం సరిగ్గా తింటున్నాడు. అందుకని నేనూ ఊరుకున్నాను. నేల గట్టిగా ఉందా అని నిన్ను అడిగింది, లేదని నువ్వు అంటావేమోనని. అంటే ఆగిపోదామని." కళ్ళు తెరిచింది. "ఖమీసాకి ఈ మాట కూడా చెప్పు. నీ ఒక్కదాని మీదే ఎందుకు పడాలి?"

నేను వెళ్ళి ఖమీసాకు చెప్పాను. ఆమె విని తలుపు వేసుకుంది. రంజాను పండగ దాకా మా గడప తొక్కలేదు.

ఏప్రిల్లో తూర్పు గాలులకు కొత్త తీరం సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం ఎండకు గచ్చులా గట్టిపడింది, నీటి అంచున నడుమెత్తు కోత పడింది. హోటలు దాని మీదే గొడుగులు పాతింది. గడ్డిలో గుడ్లు పెట్టడానికి వసంతంలో వచ్చే కటిల్ చేపలు ఆ ఏడు రాలేదు, వలలు ఖాళీగా వచ్చాయని మగవాళ్ళు గొణిగారు. లజ్‌హర్‌కి ఊళ్ళో ఎవరూ పని ఇవ్వలేదు. స్ఫాక్స్ రేవు పట్నంలో పడవలు బాగుచేసే చోట చేరాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. వచ్చినప్పుడు తల్లి పక్కన కూర్చుంటాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తం.

అక్టోబరులో విశ్వవిద్యాలయం నుంచి, సముద్రపు జీవాల మీద పరిశోధన చేసే రిహాబ్ అనే ఆవిడ వచ్చింది. ఆడవాళ్ళందరం పర్రకు వెళ్ళాం. ఆమె ఇనప చట్రం ఒకటి నేల మీద వేసి, దాని లోపలి ఇసుక జల్లెడ పట్టింది. అదివరకు అంత చోటులో నలభై చిప్పలు ఉండేవని మా వాళ్ళు చెప్పారు. జల్లెడలో మూడు మిగిలాయి. ఒక్కొక్కటి గోరంత. మూడేళ్ళు ఎవరూ కొడవలి దించకుండా ఉంటే తిరిగి రావచ్చు, ఖాయంగా చెప్పలేను అంది ఆమె. మూడేళ్ళు. కొందరు పక్క ఊరి పర్రకు పోతామన్నారు, కొందరు ఆలివ్ కోతలకు పోతామన్నారు. చివరికి అందరూ ఒప్పుకున్నారు. కానీ పై ఊళ్ళవాళ్ళు వచ్చి తవ్వుకుపోకుండా కాపలా ఎవరు ఉంటారని ప్రశ్న వచ్చింది.

మా అత్త ఒడ్డున చేతికర్ర పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని వింటోంది.

"హాదియాని పెట్టండి," అంది ఖమీసా, నా వైపు చూడకుండా. "ఇక్కడ ఏం జరిగినా దాచే ధైర్యం దానికి ఇంక లేదు."

ముందు నవ్వింది మా అత్త. తర్వాత ఖమీసా. ఆ తర్వాతే మిగతావాళ్ళు.

నేను ఒప్పుకున్నాను. రోజూ ఆటు వేళకు పర్ర ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తాను. ఇది రెండో ఏడు. ఇంకొకటి ఉంది.